అందరిళ్ళ బియ్యం

బియ్యం విషయంలో నన్ను మోసం చెయ్యడం కష్టం. మండపేటలో ఒక రైసుమిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేశాను. నాలుగు గింజలు పంటి కింద నొక్కితే చాలు, పాతవో కొత్తవో, ధాన్యం సరిగ్గా ఆరిందో లేదో చెప్పేస్తాను. మా ఊరు కొత్తపేట దగ్గర. రోజూ పొద్దున్నే బండి మీద జొన్నాడ వంతెన దాటి వెళ్ళి, సాయంత్రానికి ఒంటినిండా తవుడుతో ఇల్లు చేరేవాణ్ణి. మా ఆవిడ గుమ్మంలోనే ఆపి, తువ్వాలుతో దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు.

ఆ ఇంట్లో నాకు పడని వస్తువు ఒకటుండేది. వంటింటి అలమర కింది అరలో, మూత సొట్టపోయిన ఒక రేకు డబ్బా. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని గుప్పెళ్ళు తీసి విడిగా డబ్బాలో వేస్తారు. ఒక్కో గుప్పెడు ఒక్కో మనిషి పేరున. ఆ మనిషి కోసం చిన్న ప్రార్థన కూడా అప్పుడే అయిపోతుంది. వారమంతా అలా తీసిన బియ్యం ఆదివారం చర్చికి పట్టుకెళ్ళి, వేదిక పక్కనున్న పెద్ద బస్తాలో పోస్తారు. కొంత పాస్టరు గారింటికి వెళ్తుంది. మిగతాది దాచి ఉంచుతారు. సంఘంలో ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించనివ్వరు, ఈ బియ్యమే వండి పంపుతారు.

"బస్తాలు మోసేది నేను, పేరు కొట్టేసేది ఆయనా?" అని పైకి చూపించి వెక్కిరించేవాణ్ణి. మా ఆవిడ కోప్పడేది కాదు. పెళ్ళయి వెళ్ళిన పెద్దమ్మాయిని కూడా లెక్కేసి, మా నలుగురిలో నా పేరే ముందు తీసుకునేది. పిల్లలిద్దరికీ చెరో మాటతో సరిపెట్టి, నా గుప్పెడు పట్టుకుని మాత్రం చాలాసేపు పెదవులు కదిపేది. ఎసరు మరిగిపోతోందే అంటే, "మీకు ఎక్కువ అవసరమండి" అనేది. తన గుప్పెడు ఆఖర్న, ఏ మాటా లేకుండా డబ్బాలో పడేసి మూత పెట్టేసేది.

నేను భక్తి లేనివాణ్ణని కాదు. పుట్టుకతోనే చర్చి మనిషిని, బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి. కాకపోతే ఎప్పుడూ చివరి వరస, తలుపు పక్కన, ఫ్యాను కింద. ప్రసంగం సాగదీస్తే బయటికి జారుకోవడానికి వీలుండాలి కదా. మా ఆవిడ ముందు వరసలో కూర్చుని, వెనక్కి తిరగకుండానే నేను లేచిన సంగతి కనిపెట్టేసేది. ఇంటికొచ్చాక ఏమీ అనేది కాదు గానీ ఆ పూట కూరలో ఉప్పు తగ్గేది. కావాలనే తగ్గించేదని నా అనుమానం.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఆవిడ పోయింది. శుక్రవారం దాకా ఇంటి పని మొత్తం చేసిన మనిషి. శనివారం పొద్దున్న జ్వరంగా ఉందంది. మధ్యాహ్నానికి నిలబడలేకపోతుంటే అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళాం, వాళ్ళు కాకినాడ పంపించారు. మంగళవారం పొద్దున్న డాక్టరు బయటికొచ్చి, నా వైపు కాకుండా మా పెద్దమ్మాయి వైపు చూసి మాట్లాడాడు. అప్పుడే నాకు అర్థమైపోయింది.

ఆస్పత్రి వరండాలో ఆ మూడు రోజులూ నేను ప్రార్థన చేశాను. మనసు పెట్టి చేసిన ప్రార్థన నా జన్మలో అదొక్కటే. ఇన్నేళ్ళుగా ఏమీ అడగనివాణ్ణి, ఒక్కటంటే ఒక్కటి అడిగాను. ఇవ్వలేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ముందు వరసలో కూర్చున్న మనిషిని తీసుకెళ్ళి, చివరి వరసలో కూర్చున్నవాణ్ణి వదిలేస్తాడా అని ఒళ్ళు మండిపోయింది. ఆ కోపంలో నేను ఏ పనికీ పనికిరాకుండా పోయాను.

పనులన్నీ మా అమ్మాయిలే చేశారు. పెద్దమ్మాయిది రాజోలు కాపురం, అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. చిన్నమ్మాయికి ఇంకా పెళ్ళి కాలేదు, మాతోనే ఉంటూ కొత్తపేటలో మీసేవలో పనిచేస్తోంది. పెట్టె చేయించడం, పాస్టరు గారికి ఫోను చెయ్యడం, వాళ్ళమ్మకి స్నానం చేయించి తెల్లచీర కట్టడం, వచ్చినవాళ్ళకి కుర్చీలు వెయ్యడం అన్నీ వాళ్ళవే. నేను అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండిపోయాను.

మా శ్మశానం కాలవగట్టు పక్కన. వానాకాలంలో అక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి. బుధవారం మేం పెట్టె తీసుకెళ్ళేసరికి గోతిలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. ఇద్దరు మనుషులు లోపలికి దిగి బిందెలతో తోడి పైన పారబోస్తున్నారు. వాక్యం చదవడం అయిపోయింది, పాట అయిపోయింది, నీళ్ళు మాత్రం అయిపోలేదు. అందరం ఊరికే నిలబడ్డాం. గోతిలో బిందె ముంచిన చప్పుడు, పైన పారబోసిన చప్పుడు, మళ్ళీ ముంచిన చప్పుడు. ఆవిణ్ణి ఆ నీళ్ళలోనే దింపుతారా అనుకుంటూ, గోతి వైపు చూడలేక కాలవ వైపు తిరిగాను.

అప్పుడు పెద్దమ్మాయి పాట ఎత్తుకుంది. దానికి గొంతేం బాగుండదు. క్లాసులో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు. ఒక పాట అవగానే ఇంకోటి, అదవగానే ఇంకోటి, ఆగకుండా పాడింది. చెల్లెలు పక్కన నిలబడి వంత కలిపింది. నీళ్ళు తోడటం అయ్యేదాకా, పెట్టె దింపేదాకా, మట్టి కప్పేదాకా పాడుతూనే ఉన్నారు. సంతాపంలో ఇదేం ఓపికో అనుకున్నాను. చాలా రోజుల తర్వాత అడిగితే, "మీకు ఆ బిందె చప్పుడు వినబడకూడదని పాడేనండి నాన్నగారూ" అంది.

ఆ రోజు నుంచి మూడు రోజులు చర్చి నుంచి అన్నం వచ్చింది. పెద్ద క్యారియర్‌లో అన్నం, పప్పు, వంకాయ కూర. పెద్దమ్మాయి కంచంలో వడ్డించి నా ముందు పెట్టింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసిపోయింది. పది ఇళ్ళ బియ్యం కలిసిన అన్నం. ఒకరిది సన్నబియ్యం, ఒకరిది కోటా బియ్యం, ఒకరిది ఏడాది పాతది, ఇంకొకరిది మొన్న మొన్న పట్టించింది, మధ్యలో నూకలు. ఇవన్నీ ఒకే గిన్నెలో ఒకేలా ఎలా ఉడుకుతాయి? కొన్ని చిమిడి ముద్దయిపోయాయి, కొన్ని లోపల పలుకుగా గట్టిగా ఉండిపోయాయి. మిల్లులో అలాంటి సరుకు వస్తే బస్తా మూతి కూడా విప్పకుండా వెనక్కి పంపేవాణ్ణి.

"ఇది మనుషులు తినే అన్నమేనా?" అని కంచం తోసేశాను.

పెద్దమ్మాయి కంచం మళ్ళీ నా ముందుకు జరిపింది. "అందరిళ్ళ బియ్యం కదండి, పలుకు తగులుద్ది. నమిలి తినండి నాన్నగారూ."

నేను లేచి వెళ్ళిపోయాను. మూడు రోజులూ అంతే. టీ తాగడం, ఎవరో తెచ్చిన చక్కెరకేళీలు రెండు తినడం, మళ్ళీ అరుగు మీద కూర్చోవడం. మిల్లులో బస్తా ఎత్తిన మనిషిని, అరుగు దిగాలంటే గోడ పట్టుకునేవాణ్ణి. చిన్నమ్మాయి నా వైపు చూసినప్పుడల్లా దాని కళ్ళలో భయం కనపడేది. అమ్మ ఎలాగూ పోయింది, నాన్న ఈ కోపంతోనే తిండి మానేసి పోతాడేమోనని దాని భయం. నాకా సంగతి తెలుసు. తెలిసి కూడా తినలేదు. అంత మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

శుక్రవారం పాస్టరు గారు ఆదరణ ప్రార్థనకి వచ్చారు. చాలా మెత్తని మనిషి. ఆయన కళ్ళు మూసుకోబోతుంటే నేను ఆపేశాను.

"అయ్యగారూ, నేనింక చర్చికి రానండి. ఈ ఇంట్లోంచి గుప్పెడు గింజలు కూడా ఇంక రావండి. ఆయన అడిగినవన్నీ మా ఆవిడ ఇచ్చిందండి. నేనడిగింది ఆయన ఇవ్వలేదు. ఇంక మాకూ ఆయనకీ సరి."

ఆయన మా అమ్మాయిల వైపు చూశారు. పెద్దమ్మాయి, "మీరు చెయ్యండి అయ్యగారూ, మేం తలలొంచుకుంటాం" అంది. వాళ్ళిద్దరూ కళ్ళు మూసుకున్నారు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఆయన వెళ్ళిపోయాక చిన్నమ్మాయి మీసేవకి ఒక గంట వెళ్ళొచ్చింది. వాళ్ళమ్మ మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు తన కౌంటర్లో తనే కొట్టిందట. పక్క సీటు ఆవిడ నేను చేస్తానన్నా ఒప్పుకోలేదట. "వేరేవాళ్ళయితే అమ్మ పేరు తప్పు కొడతారండి" అని, తిన్నగా దొడ్లోకి వెళ్ళి అంట్లు తోముకుంది.

శనివారం వాళ్ళిద్దరూ శ్మశానానికి పూలు పట్టుకెళ్ళినప్పుడు నేను టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాను. పంచదార కోసం అలమర తీస్తే ఎదురుగా ఆ డబ్బా కనపడింది. మూత తీశాను. సగం పైగా బియ్యం ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆవిడ తీసిన గుప్పెళ్ళు. ఆదివారం తను ఆస్పత్రిలో ఉంది కాబట్టి డబ్బా చర్చికి వెళ్ళలేదు.

అందులో నా పేరున తీసినవి ఎన్ని ఉన్నాయో, వాటి మీద ఆవిడ ఏమేం అడిగిందో అన్న ఆలోచనకి నా కోపం పదింతలైంది. డబ్బా ఎత్తి, మూలనున్న ఇంటి బియ్యం బస్తాలో గుమ్మరించేశాను. అంతటితో ఆగినా బాగుండేది. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, కింది బియ్యం పైకీ పైది కిందికీ తిప్పి కలిపేశాను. మిల్లులో పాత బియ్యంలో కొత్త బియ్యం ఎవరూ కనుక్కోలేనట్టు కలపడంలో నాకు పేరుంది. ఆ పేరంతా ఆ రోజు చూపించాను. డబ్బా తుడిచి మళ్ళీ అరలో పెట్టి, టీ తాగాను.

ఆదివారం పొద్దున్న చర్చికి మొదటి గంట కొట్టారు. చిన్నమ్మాయి తలస్నానం చేసి వచ్చి, సంచి పట్టుకుని డబ్బా తీసింది. మూత తీసి అలాగే ఉండిపోయింది.

"అక్కా, అమ్మ బియ్యం లేవే."

పెద్దమ్మాయి వచ్చి చూసింది. ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను గొంతు పెంచాను. "నేనే ఇంటి బియ్యంలో పోసేశాను. ఈ ఇంటి బియ్యం ఈ ఇంట్లోనే ఉంటాయి. నా కష్టార్జితం కాదా అది?"

చిన్నమ్మాయి అప్పటిదాకా మా ముందు ఏడవలేదు. ఆస్పత్రిలో ఏడవలేదు, శ్మశానంలో ఏడవలేదు. ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వంటింటి నేల మీద కూలబడి, చిన్నప్పుడు ఏడ్చినట్టు నోరు తెరిచి ఏడ్చింది. "అమ్మ చేత్తో తీసినవండి నాన్నగారూ. ఇంక మళ్ళీ అమ్మ చేత్తో తీసినవి ఎక్కడినుంచి తెస్తామండి?"

నాకు ఆ క్షణందాకా ఆ సంగతి తట్టలేదు. నేను దేవుడి బియ్యం లాక్కున్నాననుకున్నాను. లాక్కున్నది మా ఆవిడ చేతి బియ్యం.

పెద్దమ్మాయి అరవలేదు. బస్తా దగ్గర కూర్చుని, దోసిట్లోకి కాసిని బియ్యం తీసి నా ముందుకు పట్టుకొచ్చింది. "మీకు బియ్యం బాగా తెలుసు కదండి. ఇందులో అమ్మ తీసిన గింజలేవో చెప్పండి. అవే పట్టుకెళ్తాం."

నేను ఆ దోసిలి వైపు చూశాను. డబ్బాలోదీ బస్తాలోదీ ఒకే మిల్లు, ఒకే రకం, ఒకే పంట. ఎవరు మాత్రం చెప్పగలరు?

"చెప్పలేరు కదండి. మేమూ చెప్పలేం," అని బియ్యం బస్తాలో పోసేసి, మూతి బిగించి తాడుతో కట్టింది. "చెల్లీ, లే. ఆ చివర పట్టుకో."

"మొత్తం బస్తానా? మధ్యాహ్నం ఏం తింటారే?" అని అరిచాను.

"అమ్మది ఇందులోనే ఉందండి. ఏదో తెలీదు కాబట్టి మొత్తం వెళ్తాది. ఆయ్, మధ్యాహ్నం సంగతి మధ్యాహ్నం చూద్దాం."

చిన్నమ్మాయి చున్నీతో మొహం తుడుచుకుని లేచింది. అక్కచెల్లెళ్ళిద్దరూ చెరో పక్కా పట్టి, గుమ్మం దాటించి, స్కూటీ ముందు కాళ్ళ దగ్గర బస్తా నిలబెట్టారు. చిన్నమ్మాయి కాళ్ళు రెండూ ఎడంగా పెట్టుకుని బండి తోలింది, పెద్దమ్మాయి వెనక కూర్చుంది. బండి గుంతల్లో అటూ ఇటూ ఊగుతూ వీధి మలుపు తిరిగే దాకా చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు బస్తాలెత్తినవాణ్ణి, ఒక చెయ్యి సాయం కూడా వెయ్యలేకపోయాను.

అక్కడ ఏం జరిగిందో పాస్టరు గారి భార్య, పాస్టరమ్మగారు, తర్వాతెప్పుడో చెప్పారు. ఇద్దరూ బస్తా మోసుకుంటూ నడిమి దారిలోంచి వేదిక దాకా వెళ్ళారట. చర్చంతా తిరిగి చూసిందట. ఇదేమిటమ్మా ఇంత అని పాస్టరు గారు అడిగితే, "అమ్మ కానుకండి" అని ఒక్క మాట చెప్పి వెళ్ళి కూర్చున్నారట. నా పేరు ఎత్తలేదు. నేను చేసిన పని ఈ రోజుకీ ఆ చర్చిలో ఎవరికీ తెలీదు. ఇదిగో ఇప్పుడు నేనే రాస్తున్నాను.

మధ్యాహ్నం వాళ్ళు మడతపెట్టిన ఖాళీ బస్తాతో తిరిగొచ్చారు. చిన్నమ్మాయి చేతిలో క్యారియర్ ఉంది. ఇంట్లో బియ్యం లేవని పసిగట్టి పాస్టరమ్మగారు వండి పంపారట. పెద్దమ్మాయి కంచంలో వడ్డించి నా ముందు పెట్టింది.

మళ్ళీ అదే కలగలుపు అన్నం. చర్చి బస్తాలోంచి తీసి వండింది. పొద్దున్న మా బస్తా కూడా అందులోనే పోసి ఉంటారు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. పలుకు తగిలింది. ఉమ్మెయ్యబోయి ఆగాను. ఇది ఆవిడ చేతి గింజేమో. ఆ తర్వాతది కూడా అయ్యుండొచ్చు. ఆ పూట నేను ఒక్క మెతుకు కూడా ఊరికే మింగలేదు. ప్రతి ముద్దా మెత్తగా అయ్యేదాకా నమిలాను. నములుతూ ఉండగానే ఏడుపొచ్చింది. ఆవిడ పోయాక నేను ఏడవడం అదే మొదలు. పిల్లలిద్దరూ చెరో పక్కా కూర్చున్నారు, ఊరుకోమని అనలేదు. పెద్దమ్మాయి మజ్జిగ పోసింది.

దేవుడితో నా పేచీ అంతటితో తీరిపోయిందని అబద్ధం రాయను. ఇప్పటికీ కొన్ని ఆదివారాలు ఆయన మీద అలిగే కూర్చుంటాను. కానీ చర్చిలోనే కూర్చుంటాను. మిల్లు మానేశాక వంట నా చేతికొచ్చింది, డబ్బా కూడా నాదే అయింది. చిన్నమ్మాయి పనికి వెళ్ళే లోపల అన్నం అవ్వాలి కాబట్టి పొద్దున్నే ఎసరు పెడతాను. నాలుగు గుప్పెళ్ళు తీస్తాను. ఆఖరిది ఆవిడ పేరున, ఆవిడ తీసినట్టే, ఏ మాటా లేకుండా వేసేస్తాను. "మీ గుప్పెడు పెద్దదండి, అయ్యగారిల్లు బాగుపడిపోద్ది" అని చిన్నమ్మాయి నన్ను ఏడిపిస్తుంది.

ఈ మధ్య మా వీధి చివర ఆటో నడుపుకునే అతని భార్య పోయింది. చిన్న వయసు. రెండో రోజు చర్చి నుంచి అన్నం క్యారియర్ నేనే పట్టుకెళ్ళాను. అతను అరుగు మీద గోడకి చేరగిలబడి వీధిలోకి చూస్తున్నాడు. వడ్డించి ముందు పెట్టాను. ఒక ముద్ద పెట్టుకుని కంచం పక్కకి తోసేశాడు.

"పలుకు తగులుద్దండి. అందరిళ్ళ బియ్యం కదండి. నమిలి తినండి," అన్నాను.

అతను కదల్లేదు. నేను తలెత్తేసరికి గుమ్మంలో వాళ్ళ పాప కనపడింది. తొమ్మిదేళ్ళుంటాయేమో. తలుపు పట్టుకుని, తండ్రి కంచం వైపే చూస్తోంది. నువ్వు తిన్నావా అమ్మా అని అడిగాను. లేదన్నట్టు తల ఊపింది. "నాన్న తిన్నాక తింటానండి," అంది.

ఆ మాట అతనూ విన్నాడు. కంచం దగ్గరికి లాక్కున్నాడు.

నేను మాత్రం అక్కడ ఉండలేకపోయాను. బయటికొచ్చి, వీధిలోనే నిలబడి పెద్దమ్మాయికి ఫోను చేశాను. స్కూల్లో ఇంటర్వెల్ అనుకుంటాను, వెనక పిల్లల గోల వినపడుతోంది.

"అమ్మా, మీ అమ్మ పోయినప్పుడు ఆ మూడు రోజులూ, నేను తినని రోజులు, మీరిద్దరూ ఏం తిన్నారే?"

అటువైపు బెల్లు మోగింది.

"ఇప్పుడు తింటున్నారు కదండి నాన్నగారూ," అంది.

మర్నాడు పొద్దున్న ఎసరు పెట్టి డబ్బా తీశాను. నా గుప్పెడు తొందరగానే అయిపోయింది. పెద్దమ్మాయి పేరున తీసిన గుప్పెడు పట్టుకుని మాత్రం ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఎసరు మరిగిపోతోందండి నాన్నగారూ అని చిన్నమ్మాయి పక్కగదిలోంచి కేకేసింది.